పెరటి పాదు, పొరుగు పంట

కూరగాయల అంగడిలో నిలుచున్నపుడు మేము తరచుగా ఒక మాట వినుచున్నాము. ఎఱ్ఱగా, నున్నగా, ఒకే అచ్చులో పోసినట్లున్న టమాటాలను చూచి, "ఇవి జన్యువులు మార్చిన కాయలు, తినరాదు" అని ఒకరు అందురు. ప్రక్కనున్నవారు తల యూపి, గింజలేని ద్రాక్షపండ్లను, అరచేయంత జామకాయలను గూడ ఆ జాబితాలో చేర్చెదరు. వానిని అక్కడనే విడిచి, దుకాణములో రెండు నూనె పొట్లములు కొని సంచిలో వేసికొని ఇల్లు చేరెదరు. భయపడి విడిచిన కాయలలో జన్యుమార్పిడి లేదు. భయపడక తెచ్చుకొన్న నూనెకు దానితో సంబంధము ఉండుటకు అవకాశము కలదు.

తెలియక జరుగుచున్న ఈ తారుమారును సరిచేయుటయే ఈ ప్రసంగము ఉద్దేశము. ఎవరిని గాని భయపెట్టవలెనని మాకు లేదు. జన్యుమార్పిడి ఆహారమును తినవలెనా, మానవలెనా యనునది ఎవరి ఇంట వారు తీర్మానించుకొనవలసిన విషయము. కాని అట్లు తీర్మానించుకొనుటకు అది ఎక్కడ నున్నది, ఎక్కడ లేదు అను సంగతి మొదట తెలియవలెను గదా!

ముందుగా మాటల అర్థమును తేల్చుకొందము. ప్రతి జీవి కణములలోను ఆ జీవి రూపమును, గుణమును నిర్ణయించు జన్యువులు ఉండును. చేనిలో ఏ కంకి నిండుగా, బరువుగా నున్నదో దానిని ఏరి మఱుసటి ఏటికి విత్తనముగా దాచుట రైతులు వేల సంవత్సరములుగా చేయుచున్న పని. అది ఎంపిక. ఒక వరి రకము పుప్పొడిని మఱియొక వరి రకము పూవుపై చల్లి, రెండింటి గుణములు గల పైరును సాధించుట సంకరము. నేడు అంగడికి వచ్చు టమాటాలలోను, బెండకాయలలోను పెక్కు ఇట్టి సంకర రకములే. రైతులు వీనినే హైబ్రిడ్ రకము లందురు. గింజలేని ద్రాక్ష ప్రకృతిలో తనంతట తాను పుట్టిన గుణము. కొమ్మ ముక్కలు నాటి దానిని నిలుపుకొనుచు వచ్చిరి. పెద్ద జామ మంచి చెట్టునుండి తీసి అంటుకట్టినది. వీనిలో వేనియందును జన్యుమార్పిడి లేదు.

జన్యుమార్పిడి వేఱు. సంకరములో వరిని వరితోడను, వంగను వంగతోడను మాత్రమే కలుపుదురు. జన్యుమార్పిడిలో ఈ ఎల్ల దాటబడును. నేలలో సహజముగా నివసించు బాసిల్లస్ తురింజియెన్సిస్ అను సూక్ష్మజీవి కొన్ని జాతుల పురుగుల కడుపులో విషమై పనిచేయు మాంసకృత్తును తయారుచేయును. ఆ పొడవైన పేరును బీటీ యని కుదించిరి. ఆ మాంసకృత్తునకు మూలమైన జన్యువును ప్రత్తి కణములోనికి ఎక్కించినచో, ప్రత్తి మొక్కయే తన ఆకులోను, కాయలోను దానిని తయారుచేసికొనును. కాయతొలుచు పురుగు దానిని తిని చచ్చును. అదియే బీటీ ప్రత్తి. చూచుటకు మామూలు ప్రత్తికిని దీనికిని భేదము లేదు. కావున కాయ నునుపును బట్టియో, పరిమాణమును బట్టియో జన్యుమార్పిడిని గుర్తింపబోవుట వ్యర్థము.

ఇట్టి ఆహారము మొట్టమొదట అంగడికి వచ్చినది అమెరికాలో, 1994లో. త్వరగా మెత్తబడకుండునట్లు చేసిన టమాటా అది. కొలది సంవత్సరములకే దానిని నిలిపివేసిరి. 1996 నుండి సోయా చిక్కుడు, మొక్కజొన్న, ప్రత్తి మొదలగు పైరులలో ఈ పద్ధతి పెద్దయెత్తున వ్యాపించినది. మన దేశమున 2002 మార్చిలో బీటీ ప్రత్తికి అనుమతి లభించినది. 2009 అక్టోబరులో జన్యు ఇంజనీరింగు ఆమోద సంఘము బీటీ వంకాయకు గూడ ఆమోదము తెలిపినది. అప్పుడు కేంద్ర పర్యావరణమంత్రిగా నున్న జైరాం రమేశ్ హైదరాబాదుతో సహా ఏడు నగరములలో ప్రజాభిప్రాయ సేకరణ సభలు జరిపి, 2010 ఫిబ్రవరి 9వ తేదీన ఆ వంకాయను నిలుపుదల చేసిరి. పొరుగుననున్న బంగ్లాదేశ్ 2013లో దానిని అనుమతించినది. మన దేశమున 2022 అక్టోబరులో ఒక జన్యుమార్పిడి ఆవరకమునకు షరతులతో అనుమతి యిచ్చిరి గాని, 2024 జూలైలో సుప్రీంకోర్టున ఇరువురు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయములను వెలిబుచ్చుటతో ఆ వివాదము విస్తృత ధర్మాసనమునకు పోయినది.

దీనివలన తేలిన దేమనగా, మన దేశమున ఇంతవరకు వాణిజ్యముగా సాగునకు వచ్చిన జన్యుమార్పిడి పైరు ప్రత్తి యొక్కటియే. మన అంగడిలోని వంకాయ గాని, టమాటా గాని, బియ్యము గాని, కందిపప్పు గాని అట్టివి కావు. విదేశములనుండి దిగుమతియగు బంగాళాదుంప, బొప్పాయి, మొక్కజొన్న మొదలగు 24 పంటల సరకునకు జన్యుమార్పిడి కాదను ధ్రువపత్రము జతపఱుపవలెనని భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2021 మార్చి నుండి నియమము అమలుపఱచినది.

"ప్రత్తిని కట్టుకొందుము గాని తినము గదా!" అని కొంద రనుకొనవచ్చును. తినుచునే యున్నాము. జిన్నింగు మిల్లులో దూది వేఱుచేసిన పిదప మిగులు గింజ నూనె మిల్లునకు పోవును. ఆ నూనె వంటనూనెగను, వనస్పతిగను, మిఠాయి దుకాణముల బాణలిలోనికిని చేరును. నూనె తీయగా మిగిలిన ప్రత్తిచెక్క పాడిగేదెలకు దాణా యగును. గుంటూరు, కర్నూలు, వరంగల్లు, ఆదిలాబాదు ప్రాంతములు పేరెన్నికగన్న ప్రత్తి సీమలు. దేశములోని ప్రత్తి విస్తీర్ణమున నూటికి తొంబది పాళ్లకు మించి బీటీయే యైనది. అనగా మన ఊరి మిల్లులోనే మన కన్నులయెదుట ఆడించిన ప్రత్తిగింజల నూనె జన్యుమార్పిడి పంటనుండి వచ్చినదే కావచ్చును. దగ్గఱలో పండినదంతయు జన్యుమార్పిడి లేనిదే యను నమ్మకము చాలదని దీనివలన తెలియుచున్నది.

రెండవది సోయా నూనె. ఆదిలాబాదు, మధ్యప్రదేశ్ చేలలో పండు సోయా జన్యుమార్పిడి కాదు. కాని మనము కొను సోయా నూనెలో పెద్దభాగము అర్జెంటీనా, బ్రెజిల్ దేశములనుండి ఓడలలో వచ్చుచున్నది. ఆ దేశములలో పండు సోయా ఇంచుమించు పూర్తిగా జన్యుమార్పిడిదే. అట్టి సోయానుండి తీసిన శుద్ధిచేసిన నూనెను దిగుమతి చేసికొనుటకు 2007లో అనుమతి యిచ్చిరి. 2021లో కోళ్ల మేతకు ధరలు పెరిగినపుడు, నూనె తీసిన జన్యుమార్పిడి సోయాచెక్కను 12 లక్షల టన్నులవఱకు దిగుమతి చేసికొనుటకు ప్రభుత్వము అంగీకరించినది. ఇట్లు మన వంటింటిలోనికి జన్యుమార్పిడి ప్రవేశించు ముఖ్యద్వారము కూరగాయల బుట్ట కాదు, నూనె డబ్బా.

ఇక అందఱును అడుగు ప్రశ్న: వీనిని తినినచో హాని కలుగునా? ఇక్కడ మేము ఉన్నదున్నట్లు చెప్పవలసి యున్నది. అంతర్జాతీయ విపణిలోనున్న జన్యుమార్పిడి ఆహారములు భద్రతా పరీక్షలలో నెగ్గినవే యనియు, వానివలన మనుష్యుల ఆరోగ్యమునకు హాని కలుగునని తోచుట లేదనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. పైగా నూనెను శుద్ధిచేయునపుడు అందలి మాంసకృత్తులును, జన్యుపదార్థమును ఇంచుమించు పూర్తిగా తొలగిపోవును. కావున ఇన్నాళ్లును ఆ నూనె వాడిన ఇల్లాలు తన బిడ్డలకు విషము పెట్టితినని కలత చెందనక్కఱలేదు. ఒక్కొక్క క్రొత్త పంటను వేఱువేఱుగా పరీక్షించియే చూడవలెనని మాత్రము ఆ సంస్థయే చెప్పుచున్నది.

అట్లయిన మానుట యెందుకు? మా దృష్టిలో ముఖ్యకారణము ఆరోగ్యము కాదు, విత్తనము. ప్రత్తి కథయే ఇందుకు సాక్ష్యము. బీటీ ప్రత్తి వచ్చిన తొలి సంవత్సరములలో కాయతొలుచు పురుగునకు కొట్టు మందుల వాడకము తగ్గినది, దిగుబడియు పెరిగినది. రైతులు దానిని ఊరక నెత్తికెత్తుకొనలేదు. కాని పురుగు సైతము ఊరకుండలేదు. గులాబి రంగు పురుగు మొదటి రకము బీటీకి లొంగుట లేదని 2010లో గుజరాత్ జిల్లాలనుండి వార్త వెలువడినది. రెండు జన్యువులతో వచ్చిన తరువాతి రకమును గూడ ఆ పురుగు కొలది యేండ్లకే తట్టుకొన్నది. తెలుగు జిల్లాల ప్రత్తి రైతులకు ఆ పురుగు మఱల సుపరిచితమైనది. మందుల ఖర్చు తిరిగి వచ్చినది.

అప్పుడు కొందఱు రైతులు వెనుకకు పోదమని తలంచిరి. పోవుటకు త్రోవ యేది? పది పదునైదేండ్లలో అంగడినిండ బీటీ సంకర విత్తనమే మిగిలినది. సంకర విత్తనమునుండి వచ్చిన గింజను మఱల నాటినచో తల్లి గుణములు సరిగా నిలువవు. అందుచేత ఏటేట పొట్లము కొనక తప్పదు. పూర్వము తాతలు చల్లిన నాటుప్రత్తి గింజ ఇంటిలో లేదు, ఊరిలో లేదు. వలదనుకొన్న రైతునకు వేఱొక గింజ దొరకుట కష్టమైనది. మంచిదో చెడ్డదో తరువాతి మాట. ఎంచుకొను వీలే పోయినది. ప్రత్తికి జరిగినది వంకాయకు, వరికి, ఆవాలకు జరుగకుండుటయే మనము కాపాడుకొనవలసిన విషయము. విత్తనమును మ్యూజియములో నుంచి కాపాడలేము. దానిని ఎవరో పండింపవలెను, ఎవరో కొని తినవలెను.

ఈ సందర్భమున క్రొత్తగా వచ్చిన మఱియొక సంగతిని గూడ పాఠకులు తెలిసికొనుట మంచిది. 2025 మే 4వ తేదీన కేంద్ర వ్యవసాయశాఖ రెండు వరి రకములను ప్రకటించినది. అందొకటి హైదరాబాదులోని భారత వరి పరిశోధన సంస్థ సాంబమసూరినుండి రూపొందించిన 'కమల'. రెండవది మన కాటన్‌దొర సన్నాలనుండి రూపొందించినది. వీనిలో వేఱొక జీవి జన్యువును చేర్చలేదు. వరి జన్యువులనే ఒకచోట సవరించిరి. దీనిని జన్యుసవరణ యందురు. పరాయి జన్యువు లేని ఇట్టి పైరులను 2022లోనే జన్యుమార్పిడి నియమముల నుండి మినహాయించిరి. జన్యుమార్పిడి ఆహారపు పొట్లముపై 'జీఎం' అను అక్షరములు ముద్రింపవలెనని 2013 జనవరి నుండి ఒక నియమము వచ్చినది. మేము చూచినంతలో ఆ అక్షరములు నూనె పొట్లములపైననే అరుదు. ఇక జన్యుసవరణ బియ్యపు బస్తామీద అవి యుండునని ఆశింపనేరాదు. సాంబమసూరి మనలో లక్షలాది ఇండ్ల రోజువారీ అన్నము. దాని సంగతి బస్తామీది ముద్ర చెప్పనప్పుడు, పండించినవాడే చెప్పవలెను. పండించినవానితో ముఖపరిచయము కావలెననుటకు ఇంతకంటె కారణమేమి కావలెను?

ఇక చేయవలసిన పనులకు వత్తము. మొదటిది నూనె. పొట్లము వెనుక సన్నని అక్షరములలో ఏయే నూనెలు కలిసినవో వ్రాసియుండును; దానిని చదువవలెను. ప్రత్తిగింజ, సోయా, వనస్పతి యను మాటలున్నచో సంగతి తెలిసినట్లే. వేరుసెనగకు, నువ్వులకు, కొబ్బరికి, ప్రొద్దుతిరుగుడునకు వాణిజ్య సాగులో జన్యుమార్పిడి రకములు లేవు. ఊరిలో గానుగ యున్నచో రైతువద్ద వేరుసెనగలు గాని, నువ్వులు గాని కొని, దగ్గఱనుండి ఆడించుకొనుట అన్నిటికంటె మేలు. ధర ఎక్కువ యగుట నిజమే. నూనె వాడకమును కొంత తగ్గించుకొన్నచో ఆ భారము తగ్గును. వైద్యులును దీనికి అడ్డుచెప్పరు.

రెండవది కొనుగోలు. 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన రైతుబజారులు, దళారి లేకుండ పండించినవాడే అమ్ముకొనుటకై ఏర్పడినవి. అక్కడ ధర యొక్కటే అడిగి ఊరకుండక, "ఏ ఊరు? ఏ రకము? విత్తనము మీదేనా?" అను మూడు ప్రశ్నలు వేయుడు. నాటు వంకాయకు, నాటు టమాటాకు అడుగువారున్నారని తెలిసిన రైతు వచ్చు పంటకు గూడ ఆ గింజను చల్లును. అడుగువారు లేనిచో మానును. సేంద్రియ పంటల నియమములు జన్యుమార్పిడి విత్తనమును నిషేధించుచున్నవి. కావున పొట్లముపై 'జైవిక్ భారత్' గుర్తు కనబడినచో అదియు నొక ఆధారము. ఐతే సమీపమున పండినదంతయు పురుగుమందులు లేనిదని మాత్రము భ్రమింపరాదు. అది వేఱొక ప్రశ్న. దానిని వేఱుగా అడుగవలెను.

మూడవది జొన్న, సజ్జ, రాగి, కొఱ్ఱ మొదలగు చిరుధాన్యములు. ఇవి నేటికిని పలుచోట్ల రైతుల ఇండ్ల విత్తనములతో సాగుచున్నవి. సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుండి పనిచేయుచు వచ్చినది. దాని సంఘములలోని స్త్రీలు, పెక్కుమంది దళిత కుటుంబములవారు, బీడుపడిన ఎఱ్ఱనేలలలో ఒకే చేనిలో జొన్న, కంది, సజ్జ, కొఱ్ఱ, అనుము మొదలగు పలు పంటలను కలిపి పండించుచున్నారు. గింజలను బూడిదతోను, వేపాకుతోను కలిపి, పేడయు మట్టియు పూసిన బుట్టలలో దాచెదరు. గింజ లేనివారికి అప్పుగా కొలిచి యిత్తురు. పంట వచ్చిన పిదప ఎక్కువ కొలిచి తిరిగి పుచ్చుకొందురు. ఏటేట సంక్రాంతి వేళ ఎడ్లబండ్లపై ఆ విత్తనములను ఊరూర త్రిప్పుచు పాతపంటల జాతర జరిపెదరు. రేడియో వినువారికి ప్రత్యేకముగ చెప్పదగిన దేమనగా, 2008 అక్టోబరులో మాచునూరు గ్రామమున ఈ స్త్రీలే 'సంఘం రేడియో'ను నెలకొల్పిరి. ఏ గింజను ఎట్లు దాచవలెనో, ఏ నేలకు ఏది తగునో వారి మాటలలోనే వారు ప్రసారము చేసిరి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థవారి ఈక్వేటర్ బహుమతి వారికి లభించినది.

నాలుగవది మన పెరడు. పెరటి పంటతో ఇల్లంతయు గడచునని మేము చెప్పము. బియ్యము, పప్పు, నూనె కొనవలసినదే. కాని ఆకుకూరలును, రెండు మూడు కూరగాయలును మంచము వాల్చునంత స్థలము నాలుగింటిలోనే పండును. పెరడు లేనివారికి మేడమీద కుండీలు చాలును. మృగశిర కార్తెలో చినుకు పడగానే బీర, సొర, చిక్కుడు పాదులు పెట్టవలెను. గోంగూర, తోటకూర, బచ్చలి ఎప్పుడైనను వచ్చును. అంగడిలోని మెఱుగు పొట్లములలో పెక్కు సంకర విత్తనములని మఱువరాదు. దాచుకొనుటకు నాటు రకములు గాని, పరిశోధనాక్షేత్రములవారు విడుదలచేసిన సూటి రకములు గాని కావలెను. పూసా రూబీ టమాటా, అర్క అనామిక బెండ, భాగ్యమతి వంగ అట్టి సూటి రకములే.

గింజ తీయు పద్ధతి కష్టమైనది కాదు. పాదులో అన్నిటికంటె ఆరోగ్యముగా నున్న మొక్కను మొదటనే ఎంచుకొని, దానికి నూలుపోగు కట్టవలెను. దాని మేలైన కాయను కోయరాదు. బెండకాయ చెట్టుననే ఎండి పగులువరకు ఉంచవలెను. వంకాయ పండి పసుపురంగు తిరిగిన తరువాత చిదిపి నీటిలో వేసినచో మంచి గింజ అడుగునకు దిగును. టమాటా గుజ్జును గింజలతోబాటు రెండు దినములు ఒక గిన్నెలో పులియనిచ్చి కడిగి నీడలో ఆరబెట్టవలెను. సొర, బీర తీగమీదనే ఎండి, ఊపిన గలగలలాడవలెను. రెండు రకముల సొరలను ప్రక్కప్రక్కన పెట్టినచో తేనెటీగలు పుప్పొడిని కలుపును; గింజకు ఒకే రకమును పెట్టుట మేలు. బాగుగా ఆరిన గింజను జల్లించిన బూడిదలో కలిపి, ఎండిన వేపాకు వేసి, సీసాలో గాని కుండలో గాని మూతకట్టి, రకము పేరును, నెలను వ్రాసి అంటింపవలెను.

ఇట్లు దాచిన గింజను పొరుగింటికి ఇచ్చుట సంప్రదాయమే కాదు, చట్టసమ్మతము గూడ. 2001లో వచ్చిన మొక్కల రకముల, రైతుల హక్కుల రక్షణ చట్టము, రైతు తన పంటనుండి తీసిన విత్తనమును దాచుకొనుటకు, విత్తుటకు, మార్చుకొనుటకు, పంచుటకు, బ్రాండు పేరు పెట్టకుండ అమ్ముటకు గూడ హక్కు నిచ్చినది. హక్కు పుస్తకములో నున్నది. గింజ చేతిలో లేనిచో ఆ హక్కుతో ఏమి చేయుదుము?

మన ఇండ్లలో పెద్దలు అటుకమీద కుండలో ఏ గింజ దాచినారో ఒకసారి అడిగి చూడుడు. దొరికిన గింజను ఈ తొలకరికే నేల వేయుడు. కాచిన కాయలన్నియు కూర వండుకొని, ఒక్కదానిని మాత్రము తీగమీద ఎండనిండు. అది వచ్చు ఏటికి మన ఇంటికి ఒక పాదు, పొరుగింటికి ఒక పాదు అగును.